భయం తాడు

మా బావ భయస్తుడు. ఈ మాట వెనకాల అనడం లేదు, ఆయన ముందే వందసార్లు అన్నాను. ఆయన లెక్కలో ముప్పై మూడుసార్లు. నేను ఏ అంకె చెప్పినా మూడుతో భాగించి నమ్మడం ఆయనకి అలవాటు. ఒకసారి భోజనాల దగ్గర, "మూడంతస్తుల మేడకి ఒక్క పూటలో నీళ్ళ పైపులు వేశాను బావా," అన్నాను. ఆయన తినడం ఆపి నా వైపు చూశాడు. "అంటే, రెండంతస్తులు," అన్నాను. ఇంకా చూస్తూనే ఉన్నాడు. "సరే, ఒక అంతస్తు. అందులోనూ స్నానాల గది వరకే." ఆ పూట నుంచి భాగహారం మొదలైంది. పదో తరగతి పరీక్ష మూడుసార్లు రాశానంటే, ఒక్కసారే రాసి ఉంటావులే అన్నాడు. పాపం, అది మాత్రం అచ్చంగా మూడుసార్లే.

బావది టీవీల పని. డబ్బా టీవీల కాలంలో ఆయన చెవికి తిరుగులేదు. సన్నగా ఈల వేసే టీవీ, గుర్రుమనే టీవీ, ఒకసారి దగ్గి ఊరుకునే టీవీ, ఏదైనా సరే మూత విప్పకుండా చెవి ఆనించి ఏ ముక్క పోయిందో చెప్పేవాడు. ఆయన సైకిలు వీధి మలుపు తిరిగితే చాలు, చెడిపోయిన టీవీలు బెదిరిపోయి వాటంతటవే వెలిగేవి. మీరూ మూడుతో భాగించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తరవాత పలక టీవీలు వచ్చాయి. వాటిలో చెవి పెట్టి వినడానికి ఏమీ లేదు. పోతే పోయినట్టే. చెవి ఉన్న మనిషికి పని లేకుండా పోయింది. అలా కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, జనం ఇళ్ళల్లో సినిమా గదులు కట్టుకోవడం మొదలుపెట్టాక, గోడల్లో తీగలు వేసే పనిలోకి దిగాడు. అప్పటికి నేనూ పైపుల పని వదిలేసి ఉన్నాను కాబట్టి ఆయన వెంట చేరాను. వదిలేశాను అన్నది నా మాట. పైపుల కంట్రాక్టరు వేరే మాట వాడాడు.

మొదటి ఏడాదిలోనే బ్యాంకు మేనేజరు గారి గోడ వచ్చి పడింది. ఆయన టీవీ వెనక వెడల్పాటి చిల్లు ఒకటి ఉంది. తీగ దూర్చి రెండు పక్కలా మరలు బిగించాలి. డీవీఐ అంటారు దాన్ని. సినిమాలు ఆడించే పెట్టెకీ అదే చిల్లు. రెండు వైపులా అతికినట్టు సరిపోయింది కదా అని బావ ఆ తీగనే గోడలో పాతేశాడు. మేస్త్రి పూత పూశాడు, రంగులు వేశారు, చుట్టాలందరూ వచ్చి కూర్చున్నారు. బొమ్మ అద్దంలో చూసుకున్నట్టు వచ్చింది. మాట రాలేదు. ఆ తీగ బొమ్మను మోస్తుంది గానీ మాటను మొయ్యదు. తెర మీద ఒకావిడ గుండెలు బాదుకుని ఏడుస్తోంది, గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. "గొంతు పోయేలా ఏడ్చింది పాపం," అన్నారు మేనేజరు గారి అత్తగారు. మర్నాడు గోడ పగలగొట్టారు. ఆనాటి నుంచి పనివాళ్ళ మధ్య మా బావ పేరు మూగబొమ్మ.

అంతకు ముందు మామూలు భయం ఉండేది. ఆ తరవాత అది ముదిరింది. ఏ గోడనైనా మూడుసార్లు కొలుస్తాడు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూస్తాడు. గోడలో తీగను ఉత్తగా పాతడు, ముందు లావుపాటి పైపు వేసి అందులోంచి నడిపిస్తాడు. తీగ పక్కనే ఒక నైలాన్ తాడు కూడా నడిపించి, రెండు చివరలూ చెరో మేకుకి చుట్టి వదిలేస్తాడు. "దేనికిది?" అని అందరూ అడుగుతారు. "ఉండనీండి, ఎందుకైనా మంచిది," అంటాడు. పని జరిగిన ఏ ఇంట్లోనూ ఆ తాడుతో అవసరం పడలేదు. దానికి భయం తాడు అని పేరు పెట్టింది నేనే. నేను పెట్టిన పేర్లు ఊరికే పోవు, ఇప్పుడు మేస్త్రులు కూడా అలాగే అంటున్నారు.

బావ వాళ్ళన్నయ్యకి పరుపుల కొట్టు ఉంది. వచ్చి కూర్చోమని ఆయన ఏడాదిగా పిలుస్తున్నాడు. డాక్టరమ్మ గారింట్లో సినిమా గది పని ఒప్పుకున్న రోజున బావ మా అక్కతో ఖచ్చితంగా చెప్పేశాడు, "ఇంకొక్క గోడ పగిలిందంటే సామాను సంచీ అటకెక్కించి అన్నయ్య కొట్లో కూర్చుంటా." ఆయన అన్న మాట మీద నిలబడతాడు, భయస్తులకి ఆ గుణం ఉంటుంది. అక్క నాతో విడిగా అంది, "అక్కడ మాత్రం స్థిమితంగా కూర్చుంటారా? ఎవరైనా పరుపు చూస్తూ చూస్తూ నిద్రపోతే లేపాలా వద్దా అని దడ పట్టుకుంటుంది." నవ్వుతూనే అంది గానీ ఆమె కళ్ళు నవ్వలేదు. టీవీలు లేని మా బావ ఎలా ఉంటాడో అక్క ఒకసారి చూసింది. ఆ ఖాళీగా ఉన్న రోజుల్లో ఆయన ఫ్రిజ్‌కి చెవి ఆనించి నిలబడేవాడు.

డాక్టరమ్మ గారు కళ్ళ డాక్టరు. మేడ మీద ఒక గది సినిమా కోసమని తీశారు. ముందు గోడకి టీవీ, వెనక గోడకి బీరువా, ఆ బీరువాలో సినిమా పెట్టె, మాటని పెద్దది చేసి స్పీకర్లకి పంపే యాంప్లిఫయరు. బీరువా నుంచి టీవీ దాకా తీగ పైకప్పు వారగా పోవాలి. బావ మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ పద్నాలుగు మీటర్లే వచ్చింది. అలా తేడా లేకుండా వచ్చినందుకు మళ్ళీ అనుమానం పట్టుకుంది. "టేపు సాగిందేమోరా," అన్నాడు.

పేచీ పెట్టింది డాక్టరమ్మ గారి మరిది. చేతిలో ఫోను, ఫోనులో ప్రపంచం.

"డిస్‌ప్లే పోర్ట్ తీగ వెయ్యండి," అన్నాడు. "కంప్యూటర్ల వాళ్ళంతా అదే వాడతారు. బొమ్మ దాన్లోనే బాగుంటుంది. పైగా చివర చిన్న కొక్కెం ఉంటుంది, పట్టుకుంటే ఊడిరాదు."

"కొక్కెం మంచిదేనండీ," అన్నాడు బావ. "మీరు తీసుకునే టీవీకి ఆ చిల్లు ఉందాండీ?"

"ఇంత పెద్ద టీవీకి లేకుండా ఎలా ఉంటుంది?"

ఉంది అని ఆయన అనలేదు, లేకుండా ఎలా ఉంటుంది అన్నాడు. బావకి ఆ రోజు అన్నం దిగలేదు. మర్నాడు టార్చిలైటు పట్టుకుని టీవీల షాపుకి వెళ్ళాం. కొనబోయే టీవీ వెనక చూశాడు. దాని పక్కదాని వెనక చూశాడు. మేం బయటికి వచ్చేసరికి షాపులో ఉన్న టీవీలన్నీ గోడ వైపు మొహాలు తిప్పుకుని అలిగినట్టు నిలబడి ఉన్నాయి. అన్నిటికీ హెచ్‌డీఎంఐ చిల్లులే, మూడో నాలుగో. డిస్‌ప్లే పోర్ట్ మందుకి కూడా లేదు.

ఆ మాట చెబితే మరిది తగ్గలేదు. "మధ్యలో మార్చే ముక్క ఒకటి దొరుకుతుంది. తగిలించుకోవచ్చు."

"గోడలో పాతేదానికి ముక్కలు వద్దండీ," అన్నాడు బావ. తర్వాత, ఎప్పుడూ రెండు వాక్యాలు దాటని మనిషి, డాక్టరమ్మ గారి వైపు తిరిగి చెప్పుకొచ్చాడు. "అమ్మా, ఆయన చెప్పిన తీగలో బొమ్మ వెళ్తుంది. మాట కూడా వెళ్తుంది. కానీ వెళ్ళింది తిరిగి రాదు. రేపు మీరు టీవీలోనే ఏదో పెట్టుకుంటారు. ఆ మాట వెనక బీరువాలోకి రావాలి, అక్కణ్ణుంచి స్పీకర్లకి పోవాలి. హెచ్‌డీఎంఐ అయితే అదే తీగలో వెనక్కి వస్తుంది. నాకు ఒకసారి ఇలాగే..." అని ఆగిపోయాడు.

"మాట తిరిగి రావాలంటారు. అంతేగా?"

"అంతేనమ్మా."

"అయితే అదే వెయ్యండి. మా మరిది మాటకి మాత్రం తిరుగుండదు. పట్టించుకోకండి."

ఏది వెయ్యాలో తేలాక మరొకడైతే హాయిగా టీ తాగేవాడు. బావకి అసలు భయం అక్కణ్ణుంచి మొదలైంది. హెచ్‌డీఎంఐలో మళ్ళీ రెండు రకాలు. రాగి తీగ అయిదు మీటర్లు దాటితే ఆయాసపడుతుంది, బొమ్మ మినుకు మినుకుమంటుంది. గాజు తీగ ఎంత దూరమైనా పోతుంది, అందులో బొమ్మ వెలుతురుగా మారి పరిగెత్తుతుంది. కానీ లోపలుండేది గాజు. గట్టిగా వంచితే విరుగుతుంది. ఇంకో గొడవ, దానికి ముందూ వెనకా ఉంటుంది. ఒక చివర పెట్టెకి, రెండో చివర టీవీకి. తిప్పి పెడితే ఏమీ కాదు. ఏమీ కాదంటే, ఏమీ రాదు.

రెండు రకాలూ తెచ్చి నాలుగు రోజులు భోజనాల బల్ల మీద పరిచాడు. వచ్చిపోయేటప్పుడల్లా వాటిని చూసి నిట్టూర్చేవాడు. "ఈ పాముల్ని తీస్తే కంచాలు పెడతాను," అని అక్క రోజూ రెండు పూటలా అనేది. ఐదో రోజు గాజు తీగే అన్నాడు. దాన్ని మా ఇంట్లో టీవీకి తగిలించి, తీగంతా వసారాలో పరిచి, బొమ్మ వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, వచ్చాక మళ్ళీ ఊడదీసి మళ్ళీ పెట్టి చూశాడు. బాగానే ఉంది. అప్పుడు నాతో, "సిమెంటు పడకుండా రెండు చివర్లకీ టేపు చుట్టరా. చుట్టాక మొనల మీద అచ్చేసిన అక్షరాలు కనపడవు, టేపు మీద తల ఏదో తోక ఏదో రాయి," అన్నాడు.

రాశాను. నా చేతిరాత ముత్యాల కోవ, ఈ విషయంలో భాగహారం లేదు.

మర్నాడు పొద్దున్నే పని. గోడలో గాడి తీసి ఉంది. పైపు ముక్కలు తెచ్చి, తీగనీ తాడునీ ఒక్కో ముక్కలోంచి దాటించుకుంటూ, వంపుల దగ్గర బంకతో అతికిస్తూ పోయాం. మూడు వంపులు. ఆఖరి వంపు టీవీ వెనక దాగే చోట, పై అంచుకి దగ్గర. బ్యాంకు మేనేజరు గారి గోడకి పూత పూసిన మేస్త్రే ఇక్కడా వచ్చాడు. గాడి లోతు చూసి పెదవి విరిచాడు.

"ఏం మూగబొమ్మా, ఏనుగు తొండాన్ని గానీ పాతుతున్నావా?"

"ఎందుకైనా మంచిదని మేస్త్రీ."

"చూడు, పోయినసారి నేను పూసిన గోడని నా కళ్ళముందే పగలగొట్టించావ్. నెల రోజులు నన్ను పిలిచినవాడు లేడు. పూత నిలవలేదేమో అనుకున్నారు. ఈసారి అదే జరిగితే, ఇద్దరం ఒకే చోట పని చెయ్యం. చెబుతున్నా."

"చెయ్యం," అన్నాడు బావ మెల్లిగా. ఆయన పరుపుల కొట్టు సంగతి అనుకుంటున్నాడని నాకు తెలుసు. మేస్త్రికి తెలియదు.

మధ్యాహ్నానికి పూత అయిపోయింది. గోడ తడిగా, నున్నగా, ఇప్పుడే స్నానం చేసినట్టు ఉంది. టీవీ నాలుగింటికి వస్తుంది. డాక్టరమ్మ గారు ఆసుపత్రి నుంచి వచ్చి గది చూడ్డానికి పైకి వచ్చారు. ఈ టేపు చుట్టిన మొనలేమిటని అడిగారు. బావ కొంచెం ధైర్యం తెచ్చుకుని ఉన్నాడు, అందుకే మాట్లాడాడు.

"దీనికి ముందూ వెనకా ఉంటుందమ్మా. మేం తలా తోకా అంటాం. మొహం ఉన్న చోట తల. అంటే టీవీ వైపు. బీరువా వైపుది తోక."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. అది కింద పడలేదు, నేను పడ్డాను, లోపల్లోపల.

పన్నెండేళ్ళు పైపుల పని చేసినవాణ్ణి నేను. సరే, నాలుగేళ్ళు. పైపుల వాళ్ళకి తల అంటే నీళ్ళు బయలుదేరే చోటు. ట్యాంకు దగ్గర తల, కొళాయి దగ్గర తోక. బొమ్మ బయలుదేరేది సినిమా పెట్టెలోంచి. కాబట్టి పెట్టెకి పెట్టాల్సిన చివర మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'తల' అని రాశాను. ఆ తల ఇప్పుడు టీవీ దగ్గర వేలాడుతోంది. మధ్యలో పద్నాలుగు మీటర్ల పైపు, దాని మీద తడి గోడ, గోడ ముందు తాపీ కడుక్కుంటున్న మేస్త్రి.

తేలు కుట్టిన దొంగలా బీరువా దగ్గరికి నడిచాను. అటు తిరిగి కూర్చుని గోటితో టేపు కొంచెం ఎత్తి చూశాను. పెట్టె వైపున ఉండాల్సింది 'సోర్స్' అన్న మాట. అక్కడ ఉన్నది 'డిస్‌ప్లే'. టేపు మళ్ళీ అతికించాను. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే చాలా క్షణాలు, ఏమీ చూడనట్టు ఉండిపోదామా అనిపించింది. నాలుగింటికి బొమ్మ రాదు. తీగ చెడిందనుకుంటారు. గోడ పగలగొడతారు. నేను రాసిన టేపు అప్పటికి చెత్తలో ఉంటుంది. బావ సంచీ అటక మీద ఉంటుంది. నా మీద ఈగ కూడా వాలదు.

పుట్టి బుద్ధెరిగాక నేను ఏ మాట చెప్పడానికీ వెనకాడలేదు. ఆ రోజు నాలుగు మాటలు కూడదీసుకోవడానికి టేపుని రెండుసార్లు ఊడదీసి అతికించాల్సి వచ్చింది.

"బావా, ఇలా రా ఒకసారి."

వచ్చాడు. డాక్టరమ్మ గారు అప్పటికే కిందికి దిగిపోయారు. చెప్పాను. ట్యాంకు, కొళాయి, తల, తోక. ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వు చెప్పేదాంట్లో నేను మూడో వంతు నమ్ముతాను కదరా," అన్నాడు చివరికి. "ఇది ఎంత నమ్మమంటావ్?"

"ఇది మొత్తం నమ్ము బావా."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ముందు చెయ్యి చాపి గోడని తాకబోయి, తడి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "పాత టీవీల్లో..." అన్నాడు తనలో తాను, "ఆ చివరని ఎప్పుడూ తలే అనేవాళ్ళం. నిన్ను అడగాల్సింది, నీ భాషలో తల అంటే ఏమిటని." తప్పు తన మీద వేసుకోవడం ఆయనకి తాళం లాగి చూసుకున్నంత అలవాటు.

"బావా, తాడుంది కదా."

అంటే అన్నాను గానీ, అది తాడుకి కూడా తేలిక పని కాదని నాకు తెలుసు. తీగని పైపు ముక్కల్లోంచి ఒక్కొక్కటిగా దాటించాం. ఇప్పుడు పైపంతా అతుక్కుపోయి ఉంది. మూడు వంపుల్లోంచీ తీగ మొన తనంతట తాను రావాలి. గట్టిగా లాగితే లోపల గాజు విరుగుతుంది. ఇరుక్కుంటే ముందుకూ రాదు, వెనక్కూ పోదు. అప్పుడిక గోడే.

మేస్త్రి సంగతి విని తాపీ కింద పెట్టేశాడు. గోడకి ఎదురుగా బోర్లించిన సిమెంటు బేసిన్ మీద కూర్చుని, పరీక్ష హాల్లో మాస్టారులా చూస్తున్నాడు. అలాంటి మాస్టార్లని నేను మూడేళ్ళు చూశాను, ఒక్కడూ ఇంత భయపెట్టలేదు.

పథకం ఇది. తాడుని కదపకుండా తీగని బీరువా వైపు మొత్తం బయటికి లాగెయ్యాలి. తరవాత దాన్ని తిరగేసి, తాడు చివరకి కట్టి, టీవీ వైపు నుంచి తాడు లాగితే తీగ సరైన ముఖంతో లోపలికి పోతుంది.

నేను బీరువా దగ్గర, బావ టీవీ దగ్గర. "వేళ్ళతో లాగు. చేత్తో కాదు," అన్నాడు. లాగాను. జానెడు వచ్చింది. మరో జానెడు. తరవాత ఆగిపోయింది.

"ఆగింది బావా."

"ఎంత గట్టిగా ఆగింది?"

"గట్టిగానే."

"వదిలెయ్. కదపకు."

ఆ తరవాత ఆయన చేసిన పనిని నేను ఎక్కడ చెప్పినా ఎవరూ నమ్మరు, అసలు సగం చెబితేనే నమ్మరు. స్టూలు ఎక్కి, ఆఖరి వంపు ఉన్న చోట తడి గోడకి చెవి ఆనించాడు. చెంప కూడా. కళ్ళు మూసుకున్నాడు.

"నా గోడరా నాయనా," అన్నాడు మేస్త్రి నీరసంగా.

"ఒక్క నిమిషం మేస్త్రీ. ఒరేయ్, కొంచెం లాగి వదులు. ఊఁ. మళ్ళీ. అంతే లాగు, అంతకన్నా వద్దు." పాత టీవీ గుర్రుమంటుంటే ఎలా వినేవాడో అలాగే విన్నాడు. "తాడు మెలిపడింది మొన చుట్టూ. కుడి వైపు తిప్పు తీగని. కాదు, నాకు కుడి."

"నీకు కుడి అంటే నాకు ఎడమా?"

"తల నీకు తోక అయింది కదా, ఇదీ అలాగే."

ఆ భయంలో కూడా ఆ మాట అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఎడమకి తిప్పాను, ఒక చుట్టు, అర చుట్టు. అవతల తాడుని ఆయన రెండు వేళ్ళతో సడలించాడు. లోపల ఏదో మెత్తగా 'టిక్' అంది. అది మెలి విడిన చప్పుడో, గాజు విరిగిన చప్పుడో నాకు తెలియలేదు. ఆయనకి తెలిసినా చెప్పలేదు. "లాగు," అన్నాడు. తీగ వచ్చింది. రెండో వంపు, మొదటి వంపు, ఆఖరికి టేపు చుట్టిన ఆ మొన, దాని మీద నా ముత్యాల అక్షరాలతో 'తల', బొరియలోంచి ఎలకపిల్లలా నా ఒళ్ళో పడింది. మరిది చెప్పిన కొక్కెం తీగ అయి ఉంటే ఆ మెలిలోనే కొక్కెం వేసుకుని కూర్చునేది.

తిరగేసి మళ్ళీ లోపలికి నడిపించడానికి మూడు గంటలు పట్టింది. సరే, గంట. పాత తాడు బయటికి వచ్చేస్తుంది కాబట్టి, దాని స్థానంలో ఇంకో తాడు కూడా వెనకే కట్టి పంపమన్నాడు. ఈసారి మొనల మీద తలా తోకా రాయలేదు. 'టీవీ' అనీ 'పెట్టె' అనీ రాశాం. రాసింది ఆయన. ఆయన రాత కోడి గీతల్లా ఉంటుంది, అయినా నోరెత్తలేదు.

మేస్త్రి లేచి వచ్చి గోడని వేలితో తడిమాడు. ఎక్కడా పగులు లేదు. ఆఖరి వంపు దగ్గర మాత్రం బావ చెవి, చెంప అచ్చు గుద్దినట్టు పడ్డాయి. చెవి తమ్మెతో సహా. మేస్త్రి తాపీ తీసుకుని, కాసేపు దాన్నే చూసి, మళ్ళీ సంచీలో పెట్టుకున్నాడు. "టీవీ వెనక ఎవడు చూస్తాడులే. ఉండనీ," అన్నాడు.

నాలుగింటికి టీవీ వచ్చింది. తడి గోడకి మేకులు కొట్టలేం కాబట్టి, ఆ పూటకి కింద కాళ్ళ మీద నిలబెట్టి తగిలించాం. డాక్టరమ్మ గారు, మరిది కుర్చీల్లో కూర్చున్నారు. మేస్త్రి వెళ్ళలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బావ సినిమా పెట్టె నొక్కాడు. తెర నల్లగా ఉంది. ఆ టిక్ మన్న చప్పుడు నా చెవిలో మళ్ళీ వినపడింది. తరవాత తెల్లగా వెలిగి, కొండ మీద మంచు, మంచు మీద ఒక మనిషి నడుస్తూ కనపడ్డాడు. అడుగుల చప్పుడు కూడా స్పీకర్లలోంచి వస్తోంది.

నేను ఊపిరి వదిలాను. బావ వదల్లేదు.

"అది పెట్టెలోంచి వచ్చేది కదా," అన్నాడు మరిది. "మాట బీరువా దగ్గరే ఉంటుంది. టీవీలోనే ఏదన్నా పెట్టండి. తిరిగి వస్తుందన్నారుగా, చూద్దాం."

న్యాయమే. డాక్టరమ్మ గారు రిమోటుతో టీవీలోనే వార్తలు పెట్టారు. తెర మీద ఒకావిడ పెదవులు కదిలాయి. గదిలో ఫ్యాను చప్పుడు.

ఒకటి. రెండు. బావ తెరని చూడ్డం లేదు, గోడని చూస్తున్నాడు. అక్కడెక్కడో ఇంకో గోడ, ఇంకో ఆవిడ ఆయనకి కనపడుతున్నారని నాకు తెలుసు. చేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు, తుడిచినవే తుడుస్తున్నాడు. మూడు. మరిది నోరు తెరవబోయాడు. నాలుగు. అప్పుడు మా వెనక నుంచి, బీరువా పక్కనుంచి, గది నలుమూలల నుంచి ఆవిడ గొంతు వచ్చింది. రేపు ఎండగా ఉంటుందని చెబుతోంది.

"తిరిగి వచ్చింది," అన్నారు డాక్టరమ్మ గారు.

"యాంప్లిఫయరు మేలుకోడానికి కొంచెం టైం పడుతుందమ్మా," అన్నాడు బావ. గొంతు మామూలుగానే ఉంది. కుర్చీ ఏమైనా ఖాళీగా ఉందా అన్నట్టు ఇటూ అటూ చూసి, ఏదీ లేక మేస్త్రి బోర్లించిన బేసిన్ మీద కూర్చున్నాడు.

"లే మూగబొమ్మా, అది కడుక్కోవాలి," అన్నాడు మేస్త్రి. ఆగి, "వచ్చే వారం మా వియ్యంకుడి ఇంట్లో ఇలాంటి గదే ఉంది. గాడి ఇంత లోతే తియ్యమంటావా?"

"ఇంతే తియ్యి మేస్త్రీ. ఎందుకైనా మంచిది."

సాయంత్రం సంచీ స్కూటరుకి తగిలించుకుని బయల్దేరాం. నేను వెనక కూర్చున్నాను. బావ చెంప మీద సిమెంటు ఎండి తెల్లగా ఉంది, చెవిలో కూడా ఉండి ఉంటుంది. రెండు వీధులు దాటాక స్కూటరు పక్కకి తీసి ఆపాడు.

"ఒరేయ్. లోపలికి కొత్త తాడు పోయిందా? కట్టావా?"

"కట్టాను బావా. మూడు తాళ్ళు కట్టాను."

వెనక్కి తిరిగి చూశాడు.

"రెండు," అన్నాను.

ఇంకా చూస్తున్నాడు.

"ఒకటి. ముడి వేసి లాగి చూశాను."

"ఎన్నిసార్లు లాగావ్?"

"మూడుసార్లు."

ఈసారి భాగించలేదు. స్కూటరు స్టార్టు చేశాడు.